ఓడలో విహారం, విమానంలో రాక: కొన్న వస్తువులు ఇల్లు చేరాలంటే తెలుసుకోవలసినవి

సూరత్‌లోని లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో తెలుగు మాట వినిపించని వీధి అరుదు. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి మరమగ్గాల పనికి వలస వచ్చిన కుటుంబాలు అక్కడ తరాలుగా స్థిరపడ్డాయి. ఒకప్పుడు ఆ కుటుంబాలకు దూరప్రయాణమంటే సూరత్ మీదుగా వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో వరంగల్ చేరడమే. ఇప్పుడు పిల్లలు చదువుకుని ఉద్యోగాల్లో, వ్యాపారాల్లో కుదురుకున్నాక దీపావళి సెలవులకు గోవా, లక్షద్వీప్, సింగపూర్ ఓడ విహారాలు కూడా వారి ఆలోచనల్లోకి వస్తున్నాయి. వెళ్లేటప్పుడు బంధువులకు పట్టుచీరలు, డ్రెస్ మెటీరియల్, చిరుతిళ్లు. వచ్చేటప్పుడు చాక్లెట్లు, సుగంధ ద్రవ్యాలు, ఫోన్లు, నగలు. ఈ సామాను మూడు వేర్వేరు నియమావళుల గుండా ప్రయాణిస్తుంది. ఓడది ఒకటి, విమానానిది మరొకటి, కస్టమ్స్ శాఖది ఇంకొకటి. వీటికి తోడు గుజరాత్‌కు ప్రత్యేకమైన మద్యనిషేధ చట్టం నాలుగోది. ఒకచోట అనుమతించిన వస్తువును మరొకచోట జప్తు చేయవచ్చు. ప్రయాణికులు ఎక్కువగా నష్టపోయేది ఈ తేడా తెలియకనే.

సముద్రం, సూరత్, సుంకం

సూరత్‌కు సముద్ర ప్రయాణం కొత్త కాదు. మొగలుల కాలంలో మక్కా యాత్రికులు ఓడ ఎక్కింది ఇక్కడే. ఆంగ్ల వర్తకుల తొలి ఓడ హెక్టర్ 1608లో చేరిందీ ఈ రేవుకే. 1666లో సూరత్‌లో దిగి, ఆ తరువాత గోల్కొండ రాజ్యాన్నీ చూసిన ఫ్రెంచి యాత్రికుడు జాన్ ద తెవెనో ఇక్కడి సుంకపు అధికారుల సోదాలను తన రచనలో వివరంగా నమోదు చేశాడు. ప్రయాణికుడి పెట్టెను తెరిచి చూసే ఆనవాయితీ ఈ ఊరికి మూడున్నర శతాబ్దాలకు పైబడినదే.

తాపీ నదీ ముఖాన ఉన్న హజీరా ఇటీవలి కాలంలో ప్రయాణికుల రేవుగా మళ్లీ వార్తల్లోకి వచ్చింది. 2020 నవంబరు 8న హజీరా - ఘోఘా రో-పాక్స్ సర్వీసు ప్రారంభమైంది. రోడ్డు మార్గంలో 370 కిలోమీటర్లున్న దూరం సముద్రంపై 90 కిలోమీటర్లకు తగ్గింది. 2021 మార్చి 31న హజీరా - దీవ్ క్రూయిజ్ సర్వీసుకు కేంద్ర ప్రభుత్వం పచ్చజెండా ఊపింది. 2024 సెప్టెంబరు 30న ముంబయిలో క్రూయిజ్ భారత్ మిషన్ మొదలైంది. తెలుగు తీరంలోనూ 2023 సెప్టెంబరు 4న విశాఖపట్నంలో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. మరోవైపు 2023 డిసెంబరు 15న కేంద్ర మంత్రిమండలి సూరత్ విమానాశ్రయానికి అంతర్జాతీయ హోదా ఇవ్వగా, రెండు రోజులకే కొత్త టెర్మినల్ భవనం ప్రారంభమైంది. షార్జాకు 2019 ఫిబ్రవరిలోనూ, దుబాయ్‌కి 2023 డిసెంబరులోనూ, బ్యాంకాక్‌కు 2024 డిసెంబరులోనూ సూరత్ నుంచి నేరుగా విమానాలు మొదలయ్యాయి. ఓడలో వెళ్లి విమానంలో తిరిగి రావడం సాధారణ కుటుంబాలకూ సాధ్యమైంది ఈ పరిణామాల వల్లనే.

ఓడలోకి ఏవి తీసుకెళ్లవచ్చు

విమానంతో పోలిస్తే ఓడ బరువు విషయంలో ఉదారంగా ఉంటుంది. వస్తువుల స్వభావం విషయంలో మాత్రం కఠినంగా ఉంటుంది. నడిసముద్రంలో అగ్నిప్రమాదం జరిగితే బయటి సహాయం అందడానికి సమయం పడుతుంది. అందుకే నిప్పు, వేడి పుట్టించే ఏ వస్తువునైనా క్రూయిజ్ సంస్థలు గదుల్లోకి అనుమతించవు. ఇస్త్రీపెట్టె, ఎలక్ట్రిక్ కెటిల్, ఇండక్షన్ పొయ్యి, కొవ్వొత్తులు, అగరుబత్తులు, దీపారాధన సామగ్రి ఈ జాబితాలోకి వస్తాయి. చాలా సంస్థలు ఎక్స్‌టెన్షన్ బోర్డులను కూడా నిషేధించాయి. ఎక్కేముందు ఎక్స్‌రే తనిఖీలో ఇవి బయటపడితే సిబ్బంది తీసి ఉంచి, దిగేటప్పుడు తిరిగి ఇస్తారు.

ఆహార పదార్థాల విషయంలో ఇంటివంటకు, దుకాణంలో కొన్న సీలు వేసిన పొట్లానికి తేడా ఉంటుంది. ఇంట్లో చేసిన పులిహోర, సకినాలు, పచ్చళ్లను ఆరోగ్య భద్రత కారణాలతో పలు సంస్థలు ఓడపైకి రానివ్వవు. తయారీదారు పేరు, తేదీలతో సీలు వేసి ఉన్న తినుబండారాలకు సాధారణంగా అభ్యంతరం ఉండదు. బయట కొన్న మద్యాన్ని గదిలోకి తీసుకెళ్లడానికి ఎక్కువ ఓడల్లో అనుమతి లేదు. దారిలో రేవులో కొన్న సీసాలను సిబ్బంది తీసుకుని, ప్రయాణం ముగిసే సమయంలో అప్పగిస్తారు. నిబంధనలు సంస్థను బట్టి మారుతాయి కాబట్టి టికెట్టుతో పాటు వచ్చే నిషిద్ధ వస్తువుల జాబితాను పెట్టె సర్దకముందే చదవాలి.

ఓడ విదేశీ రేవుకు వెళ్తుంటే ఆ దేశపు చట్టం కూడా వర్తిస్తుంది. తెలుగింటి వంటగదిలో మామూలు దినుసైన గసగసాలు సింగపూర్, యూఏఈలలో నిషిద్ధం. మాదకద్రవ్యాల చట్టాల కింద అక్కడ కేసు నమోదయ్యే ప్రమాదం ఉంది. మసాలా పొడిలో గసగసాలు కలిసి ఉన్నా ఇబ్బందే. గుట్కా, ఖైనీ వంటి నమిలే పొగాకును, ఈ-సిగరెట్లను సింగపూర్ నిషేధించింది. సిగరెట్లపై అక్కడ సుంకం రాయితీ అసలే లేదు. ఒక్క పెట్టె వెంట ఉన్నా ప్రకటించి పన్ను చెల్లించాలి. రోజువారీ మందులు వాడేవారు వైద్యుని చీటీని వెంట ఉంచుకోవాలి.

ఇల్లు విడిచేటప్పుడే చేయవలసిన పని

వివాహాది శుభకార్యాల కోసమో, ఓడలో జరిగే వేడుకల కోసమో బంగారు నగలు, వజ్రాల ఆభరణాలు, ఖరీదైన కెమెరాలు వెంట తీసుకెళ్లేవారు ఉంటారు. తిరిగి వచ్చేటప్పుడు అవి విదేశంలో కొన్నవి కావని రుజువు చేయవలసిన బాధ్యత ప్రయాణికునిదే. ఇందుకు కస్టమ్స్ శాఖ ఒక మార్గం చూపింది. దేశం విడిచే విమానాశ్రయంలో లేదా రేవులో నగలను అధికారికి చూపి ఎగుమతి ధ్రువపత్రం తీసుకోవచ్చు. అందులో వస్తువు వివరాలు, బరువు నమోదవుతాయి. తిరుగు ప్రయాణంలో ఆ పత్రం చూపితే సుంకం ప్రశ్న తలెత్తదు. కొనుగోలు రశీదులు, నగల ఫొటోలు వెంట ఉంటే పని సులువవుతుంది. కొద్ది నిమిషాలు పట్టే ఈ పని చేయనందువల్ల సొంత నగలకే సుంకం కట్టాలా అన్న వివాదంలో చిక్కుకునే అవకాశం ఉంది.

సూరత్‌లో వజ్రాల పరిశ్రమ, వస్త్ర వ్యాపారం ఇంటింటికీ ముడిపడి ఉన్నందున మరో విషయం గుర్తుంచుకోవాలి. వ్యక్తిగత సామాను అంటే ప్రయాణికుడు, అతని కుటుంబం వాడుకునేవి, ఆత్మీయులకు కానుకగా ఇచ్చేవి మాత్రమే. ఒకే రకం చీరలు ఇరవై, ధర చీటీలతో సహా పెట్టెలో ఉంటే ఏ దేశపు అధికారి అయినా దానిని వ్యాపార సరకుగా భావించే అవకాశముంది. విడి వజ్రాల తరలింపు ఎగుమతి దిగుమతి నిబంధనల ప్రకారమే జరగాలి. వాటికి ప్రయాణికుల సామాను రాయితీలు వర్తించవు.

ఓడ బరువు వేరు, విమానం బరువు వేరు

ఓడ దిగిన రోజున ఎదురయ్యే మొదటి చిక్కు బరువు. దేశీయ విమానాల్లో ఎకానమీ తరగతి ప్రయాణికునికి ఎక్కువ సంస్థలు 15 కిలోల చెక్-ఇన్ సామానును, 7 కిలోల చేతిసంచిని అనుమతిస్తాయి. అంతర్జాతీయ విమానాల్లో ఈ పరిమితి సాధారణంగా ఇంకా ఎక్కువ. సింగపూర్ నుంచి ముంబయికి ఒక టికెట్టు, ముంబయి నుంచి సూరత్‌కు విడిగా మరో టికెట్టు తీసుకుంటే రెండో విమానంలో దేశీయ పరిమితే వర్తిస్తుంది. అంతవరకు ఉచితంగా వచ్చిన అదనపు కిలోలకు అక్కడ రుసుము చెల్లించాలి. రెండు ప్రయాణాలూ ఒకే బుకింగ్‌లో ఉంటే అంతర్జాతీయ పరిమితి చివరిదాకా వర్తించే అవకాశం ఎక్కువ. టికెట్టు కొనేటప్పుడే ఈ సంగతి అడిగి తెలుసుకోవాలి.

ముంబయిలో ఓడ దిగేవారికి రైలు మరో దారి. స్లీపర్, థర్డ్ ఏసీ తరగతుల్లో 40 కిలోలు, సెకండ్ ఏసీలో 50 కిలోలు, ఫస్ట్ ఏసీలో 70 కిలోల వరకు ఉచితంగా తీసుకెళ్లవచ్చు. సామాను ఎక్కువైనప్పుడు సూరత్‌కు రైలే చవక.

ఏ వస్తువు ఏ సంచిలో ఉండాలన్నది రెండో చిక్కు. పవర్ బ్యాంకులు, విడి బ్యాటరీలు చేతిసంచిలోనే ఉండాలి. చెక్-ఇన్ సామానులో పెడితే సంచిని ఆపివేస్తారు. 100 వాట్-అవర్ల లోపు సామర్థ్యమున్నవాటికి అనుమతి ఉంటుంది. 160 వరకు ఉన్నవాటికి విమానయాన సంస్థ ముందస్తు సమ్మతి కావాలి. ఎండుకొబ్బరిలో నూనె శాతం అధికంగా ఉండి మండే స్వభావం ఉన్నందున దానిని అనుమతించరు. గోవా తీరం నుంచి కొబ్బరి కురిడీలు తెచ్చుకోవాలనుకునేవారు ఈ సంగతి గమనించాలి. అంతర్జాతీయ విమానాల్లో ద్రవాలు, పేస్టులు చేతిసంచిలో 100 మిల్లీలీటర్లకు మించిన సీసాల్లో ఉండరాదు. ఓడలోని దుకాణంలో కొన్న అత్తరు, మద్యం, తేనె సీసాలకూ ఇదే నియమం. వాటిని వస్త్రాల మధ్య జాగ్రత్తగా చుట్టి చెక్-ఇన్ సామానులో పెట్టడమే మేలు.

ఓడలో కొంటే సుంకం లేనట్టేనా

ప్రయాణికుల్లో బాగా పాతుకుపోయిన అపోహ ఇది. ఓడలోనో విమానాశ్రయంలోనో ‘డ్యూటీ ఫ్రీ’ అని రాసి ఉంటే, ఆ వస్తువును అమ్మిన చోట పన్ను లేదని మాత్రమే అర్థం. భారత్‌లోకి తెచ్చినప్పుడు సుంకం లేదని అర్థం కాదు. ఇక్కడ వర్తించేది 1962 నాటి కస్టమ్స్ చట్టం, దాని కింద రూపొందించిన బ్యాగేజీ నిబంధనలు.

2016 నిబంధనల ప్రకారం విదేశం నుంచి విమానంలో లేదా ఓడలో వచ్చే భారతీయ ప్రయాణికునికి 50 వేల రూపాయల విలువైన వస్తువుల వరకు సుంకం మినహాయింపు ఉండేది. 2026 ఫిబ్రవరి 2 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నిబంధనలు ఈ పరిమితిని 75 వేల రూపాయలకు పెంచాయి. వాడిన దుస్తులు, నిత్యావసర వ్యక్తిగత వస్తువులను ఈ లెక్కలో చేర్చరు. పరిమితికి మించిన విలువపై మాత్రమే సుంకం పడుతుంది. చట్టంలోని 78వ సెక్షన్ ప్రకారం, సామాను వివరాలు ప్రకటించిన రోజున అమల్లో ఉన్న రేటే వర్తిస్తుంది. కనుక ఎప్పుడో వెళ్లివచ్చిన బంధువు చెప్పిన లెక్కను నమ్ముకోవడం సరికాదు.

మినహాయింపు వర్తించని వస్తువులు కొన్ని ఉన్నాయి. 100కు మించిన సిగరెట్లు, రెండు లీటర్లకు మించిన మద్యం, ఆభరణాల రూపంలో లేని బంగారం, వెండి ఈ కోవలోనివి. ఫ్లాట్ ప్యానెల్ టీవీలకు 2013 ఆగస్టు నుంచి మినహాయింపు తొలగించారు. మహిళకు 40 గ్రాములు, పురుషునికి 20 గ్రాముల నగలు ఉచితమన్న మాట చాలామంది నోట వినిపిస్తుంది. ఆ రాయితీ ఏడాదికి పైగా విదేశంలో నివసించి తిరిగి వచ్చేవారికి ఉద్దేశించినది. నాలుగు రోజుల ఓడ విహారానికి వెళ్లి వచ్చినవారు దానిని కోరలేరు. గల్ఫ్‌లో ఏళ్ల తరబడి పనిచేసి వచ్చిన కరీంనగర్ కార్మికునికి వర్తించే నియమాన్ని సింగపూర్ విహారయాత్రికుడు తనకు అన్వయించుకుంటే నష్టపోతాడు.

ముంబయి నుంచి గోవా, లక్షద్వీప్ వంటి దేశీయ రేవులకు మాత్రమే తిరిగే ఓడలో వెళ్లి, దేశీయ విమానంలో తిరిగి వచ్చేవారికి ఈ దిగుమతి సుంకం సమస్య సాధారణంగా ఎదురుకాదు. కానీ లక్షద్వీప్ తీరంలో ముచ్చటపడి ఏరుకున్న పగడపు ముక్క వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరానికి సాక్ష్యమవుతుంది. విదేశాల నుంచి వచ్చేవారు విత్తనాలు, మొక్కలు అనుమతి లేకుండా తేరాదు. ఈ-సిగరెట్లు 2019 నుంచి, విదేశీ డ్రోన్ల దిగుమతి 2022 ఫిబ్రవరి నుంచి నిషిద్ధం.

సింగపూర్ పన్ను వాపసులో మెలిక

సింగపూర్‌లో వస్తు సేవల పన్ను 2024 జనవరి 1 నుంచి 9 శాతం. పర్యాటకులు 100 సింగపూర్ డాలర్లు లేదా అంతకు మించి చేసిన కొనుగోళ్లపై ఈ పన్నును వాపసు కోరవచ్చు. అయితే సింగపూర్‌లో బయలుదేరి మళ్లీ సింగపూర్‌కే చేరే ఓడ విహారానికి వెళ్తూ రేవులో వాపసు కోరడానికి వీలు లేదు. ఇక్కడి నుంచి వెళ్లేవారు తీసుకునే ప్యాకేజీల్లో చాలావరకు ఈ కోవలోనివే. వారు విహారం ముగించి, విమానంలో సింగపూర్ విడిచేటప్పుడు చాంగీ విమానాశ్రయంలో దరఖాస్తు చేసుకోవాలి. అధికారులు అడిగితే వస్తువు చూపవలసి ఉంటుంది. కనుక పెట్టెను విమానంలో వేయకముందే ఆ పని పూర్తిచేయాలి. పన్ను వాపసు తీసుకున్న వస్తువు విలువను భారత్‌లో 75 వేల రూపాయల పరిమితిలో లెక్కించాలన్నదీ మరువరాదు.

సీసా సూరత్ చేరితే

దేశంలోని చాలా నగరాల ప్రయాణికులకు లేని చిక్కు ఇది. కస్టమ్స్ నిబంధనలు రెండు లీటర్ల మద్యాన్ని సుంకం లేకుండా అనుమతిస్తాయి. కానీ గుజరాత్‌లో 1949 నాటి చట్టం కింద మద్యనిషేధం అమల్లో ఉంది. పర్మిట్ లేకుండా మద్యం కలిగి ఉండటమూ, తరలించడమూ నేరం. 2017లో చేసిన సవరణ తయారీ, విక్రయం, రవాణాలకు శిక్షను పదేళ్ల జైలు వరకు పెంచింది. గోవాలో చట్టబద్ధంగా కొన్న సీసాకైనా, దీవ్‌లో రశీదుతో కొన్న సీసాకైనా, ఓడ దుకాణంలో కొన్నదానికైనా గుజరాత్ సరిహద్దు దాటగానే ఈ చట్టం వర్తిస్తుంది. సుంకం కట్టిన రశీదు మద్యం పర్మిట్ కాదు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఉండే బంధువులకు కానుకగా ఇవ్వాలన్న ఉద్దేశంతో సూరత్ మీదుగా తెచ్చినా ఇబ్బంది తప్పదు.

ఇతరుల పొట్లం మోయడం

అన్నింటికన్నా పెద్ద ప్రమాదం సొంత సామానులో ఉండదు. ‘మీ పెట్టెలో చోటుంది కదా, ఈ చిన్న పొట్లం మా వాళ్లకు ఇవ్వండి’ అన్న అభ్యర్థనలో ఉంటుంది. ఒకే ఊరివారమన్న మొహమాటం, చేతి ఖర్చులకు కొంత డబ్బు, టికెట్టు ఖర్చు తిరిగి వస్తుందన్న ఆశ ఇందుకు దారితీస్తాయి. 2023 జులైలో షార్జా నుంచి వచ్చిన ప్రయాణికుల వద్ద సూరత్ విమానాశ్రయంలో డీఆర్ఐ అధికారులు 48 కిలోలకు పైగా బంగారం పేస్టును స్వాధీనం చేసుకున్నారు. దాని విలువ సుమారు 25 కోట్ల రూపాయలు. ఆ కేసులో ప్రయాణికులతో పాటు ఒక అధికారిని కూడా అరెస్టు చేశారు. బంగారాన్ని రసాయనాలతో కలిపి ముద్దగా చేస్తే చూడటానికి అది బంగారంలా కనిపించదు. తెలియక మోశానన్న వాదన దర్యాప్తులో ప్రయాణికుని తక్షణం కాపాడదు. సామాను ఎవరి పేరున ఉందో మొదటి బాధ్యత వారిదే. ఒక కార్మిక కుటుంబం ఏళ్లపాటు దాచుకున్న సొమ్ము న్యాయవాదులకు, జరిమానాలకు పోవడానికి అలాంటి ఒక్క పొట్లం చాలు.

ఆకుపచ్చ దారి, ఎర్ర దారి

విదేశం నుంచి దిగిన తరువాత ప్రయాణికుని ముందు రెండు దారులు ఉంటాయి. ప్రకటించవలసినది ఏదీ లేనివారు ఆకుపచ్చ దారిలో వెళ్లవచ్చు. పరిమితి దాటినవారు, సందేహం ఉన్నవారు ఎర్ర దారిలో వెళ్లి సామాను వివరాలు ప్రకటించాలి. 77వ సెక్షన్ ప్రకారం ఈ ప్రకటన ప్రయాణికుని బాధ్యత. 2019లో ప్రారంభించిన ‘అతిథి’ మొబైల్ యాప్ ద్వారా ముందుగానే వివరాలు నమోదు చేసే వీలు కల్పించారు. ఆకుపచ్చ దారిలో వెళ్తూ సుంకం వర్తించే వస్తువుతో పట్టుబడితే సుంకంతో పోయే వ్యవహారం కాదు. జప్తు, జరిమానా, తీవ్రతను బట్టి అరెస్టు కూడా ఉంటాయి.

నిజాయితీగా ప్రకటించినవారికి చట్టం ఒక వెసులుబాటు కూడా ఇచ్చింది. సుంకం వర్తించే లేదా నిషిద్ధమైన వస్తువును సక్రమంగా ప్రకటించి, దానిని లోపలికి తేవడం ఇష్టం లేకపోతే 80వ సెక్షన్ కింద కస్టమ్స్ వద్దే ఉంచి, మళ్లీ దేశం విడిచేటప్పుడు తీసుకోవచ్చు. విదేశీ కరెన్సీ నోట్లు 5,000 డాలర్లు, లేదా చెక్కులు తదితరాలతో కలిపి 10,000 డాలర్లు దాటితే రాకలో ప్రకటించాలి. భారత కరెన్సీని 25 వేల రూపాయల వరకే వెంట ఉంచుకోవచ్చు.

కొనుగోలు చేసిన ప్రతి వస్తువు రశీదును ఒకే కవరులో దాచుకోవడం, కుటుంబంలో ఎవరు ఏది కొన్నారో రాసుకోవడం, ఖరీదైన వస్తువును దాని యజమాని సంచిలోనే పెట్టడం తనిఖీ సమయంలో ఎంతో ఉపకరిస్తాయి. ఇద్దరి రాయితీలను కలిపి ఒకే ఖరీదైన వస్తువుకు వాడుకోవడాన్ని 2016 నిబంధనలు స్పష్టంగా నిరాకరించాయి. ఆ భరోసాతో కొనుగోళ్లకు దిగడం మంచిది కాదు. ఏ నిబంధన వర్తిస్తుందో తెలియనప్పుడు ఎర్ర దారిలో వెళ్లి అధికారిని అడగడానికి రుసుము లేదు. అడగకుండా బయటికి నడిచినవారే ఎక్కువ మూల్యం చెల్లించవలసి వస్తుంది.